ఇంటి ముంగిట పీపా జెముడు



నేను మీతో మాట్లాడినప్పుడల్లా వేరుశనగ గురించో, కంది గురించో, విత్తనశుద్ధి గురించో చెబుతూ ఉంటాను. ఈవేళ తిండికి గాని, మేతకు గాని పనికిరాని ఒక మొక్క గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. అదే పీపా జెముడు. నర్సరీలవాళ్ళు దీన్ని గోల్డెన్ బ్యారెల్ అంటారు. గుండ్రంగా, పచ్చగా, ఒళ్ళంతా బంగారు రంగు ముళ్ళతో ఉంటుంది. ఇప్పుడు పట్నంలోనే కాదు, పల్లెల్లో కూడా అరుగుల మీద, మిద్దెల మీద కుండీల్లో కనిపిస్తున్నది. సంతోషమే. అయితే తెచ్చుకున్నవారిలో చాలామంది ఏడాది తిరగకముందే దాన్ని పోగొట్టుకుంటున్నారు. పోగొట్టుకునేది అశ్రద్ధవల్ల కాదు, అతి శ్రద్ధవల్ల. అందుకే ఈ ప్రసంగం.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అనంతపురం వైపు ఒక ఊళ్ళో ఒక అవ్వ ఉన్నది. ఆమె కొడుకు కువైట్‌కు పనికి పోతూ పోతూ ఒక పీపా జెముడు కొని తెచ్చి, వాకిట్లో తులసికోట పక్కన పెట్టి వెళ్ళాడు. నేను పొలం చూడటానికి ఆ దారిన పోతూ ఉంటే అవ్వ పిలిచి, "సారూ, దీనికేం చెయ్యాల?" అని అడిగింది. నేను తొందరలో ఉన్నాను. "మొక్కే కదా అవ్వా, రోజూ కాసిని నీళ్ళు పొయ్యి" అని చెప్పి సైకిలు మోటారు ఎక్కి వెళ్ళిపోయాను. నేను చదివిన డిప్లొమాలో ఈ మొక్క లేదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది, ఆ మాట నోటికి రాలేదు.

ఆరు నెలల తరువాత ఆ అవ్వే కుండీని గోనెపట్టాలో చుట్టుకొని మా ఆఫీసుకు తెచ్చింది. "తులసమ్మకు పోసినట్టే దినమూ చెంబుడు నీళ్ళు పోస్తి. ఎందుకిట్లయిపాయ నాయనా?" అన్నది. చేత్తో తాకితే మొదలు మెత్తగా, మాగిన పండులా ఉన్నది. కుండీ లోంచి తీసి చూశాము. వేళ్ళు నల్లబడి ఊడి వస్తున్నాయి. కత్తితో అడుగునుంచి చక్రాలుగా కోస్తూ పోయాము. ఎక్కడా తెల్లని శుభ్రమైన కండ దొరకలేదు. అది చచ్చిపోయింది. అవ్వ నన్నేమీ అనలేదు. "వాడు ఫోను చేస్తే ఏం చెప్పేది?" అని మాత్రం అన్నది. ఆ రోజు నుంచి ఈ మొక్క గురించి చదివాను, పెంచాను, పెంచినవారిని అడిగాను. అలా తెలిసిందే మీకు చెబుతున్నాను.

ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో దేశం. అక్కడి కెరేతారో, ఇదాల్గో రాష్ట్రాల్లో రాతి గుట్టల వాలుల మీద పెరుగుతుంది. 1891లో దీనికి శాస్త్రీయమైన పేరు పెట్టారు. జర్మనీలో మాగ్డెబుర్గ్ నగరంలో ఇనుప కర్మాగారం నడిపిన హెర్మన్ గ్రూసన్ అనే ఆయనకు జెముడు మొక్కలు సేకరించడం ఇష్టం. ఆయన పేరు మీదనే ఎకినోకాక్టస్ గ్రూసోనీ అన్నారు. 2014లో దీన్ని వేరే ప్రజాతిగా విడదీసి క్రోన్‌లైనియా గ్రూసోనీ అని పేరు మార్చారు. నర్సరీల్లో పాత పేరే ఇంకా నడుస్తున్నది. మెక్సికోలోనూ జర్మనీలోనూ జనం దీన్ని "అత్తగారి పీట" అని వేళాకోళమాడతారు. అత్తాకోడళ్ళ సంగతి మనకొక్కరికే కాదన్నమాట.

ఇక దీని శరీర నిర్మాణం తెలుసుకుంటే సేద్యం సగం తెలిసినట్లే. దీనికి ఆకులు లేవు. ఆకులే ముళ్ళయినాయి. ఆకు చేసే పని ఆకుపచ్చని కాండమే చేస్తుంది. కాండం మీద మన బోదెలూ కాలువలూ ఉన్నట్లు నిలువుగా గట్లు ఉంటాయి. పెద్ద మొక్కకు ఇరవై మొదలుకొని ముప్పై అయిదు దాకా ఉంటాయి. వాన పడ్డప్పుడు కొలిమి తిత్తిలాగా ఈ గట్లు విప్పారి నీటిని లోపల నింపుకుంటాయి. నీరు లేనప్పుడు దగ్గరకు ముడుచుకుంటాయి. మామూలు మొక్కలు పగటిపూట గాలి పీల్చుకుంటే, ఇది పగలు రంధ్రాలు మూసుకొని రాత్రి చల్లదనంలో తెరుస్తుంది. అందువల్ల దీని ఒంట్లోని నీరు ఆవిరిగా పోదు. పీపా అనగానే లోపల మంచినీళ్ళు ఉంటాయని, ఎడారిలో నరికి తాగవచ్చని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. లోపల ఉండేది జిగురుగా, చేదుగా ఉండే గుజ్జు. ఆ రసం తాగితే వాంతులవుతాయి. ఎవరూ ప్రయత్నించవద్దు.

ఇప్పుడు మట్టి సంగతి. నల్లరేగడి దీనికి బద్ధశత్రువు. తడిస్తే రోజుల తరబడి ఆరదు, ఎండితే నెర్రెలు విచ్చి వేళ్ళను తెంపుతుంది. కావలసినది నీళ్ళు పోసిన వెంటనే కిందికి దిగిపోయే గుల్ల మట్టి. రెండు పాళ్ళు గరుకైన ఏటి ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన ఆకుల ఎరువు కలపండి. ఇటుక రాళ్ళను శనగ గింజలంత ముక్కలుగా కొట్టి ఒక పాలు చేర్చితే ఇంకా మంచిది. ఇసుకను జల్లించి సన్నని దుమ్ము తీసివేయాలి. సముద్రపు ఇసుక వాడకూడదు, ఉప్పు ఉంటుంది. పచ్చి పేడ అసలే వేయకూడదు.

కుండీ మట్టిదైతే శ్రేష్ఠం. దాని పక్కలనుంచి కూడా తడి ఆరిపోతుంది. అడుగున చిల్లు తప్పనిసరి. మొక్క చుట్టూ రెండు వేళ్ళ జాగా ఉండేంత కుండీ చాలు. పెద్ద కుండీలో పెడితే వేళ్ళు అందుకోలేనంత మట్టి తడిగా నిలిచిపోతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్క బోర్లించండి. అడుగున బెత్తెడు మందం కంకర పోయాలని పూర్వం చెప్పేవారు. దానివల్ల తడి త్వరగా పోదు. సన్న మట్టి కింద కంకర ఉంటే, మట్టి పూర్తిగా నిండేదాకా నీరు కంకరలోకి దిగదు. కాబట్టి కుండీ అంతటా ఒకే గుల్ల మట్టి నింపడం మేలు.

వెలుతురు గురించి. రోజుకు అయిదారు గంటలు ఎండ తగలాలి. గదిలో బల్ల మీద అలంకారానికి పెడితే నడినెత్తి సన్నబడి, పాలిపోయి, సీసా మెడలాగా పైకి సాగుతుంది. అలా సాగిన భాగం మళ్ళీ గుండ్రం కాదు. ఐతే ఎండ కావాలన్నారని నర్సరీ నీడలో పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఏప్రిల్ ఎండలో పెట్టకండి. మనిషికి మల్లేనే దానికీ వడదెబ్బ తగులుతుంది. ఎండ తగిలిన వైపు తెల్లగా మచ్చపడి, తరువాత గోధుమరంగు పొరలా గట్టిపడిపోతుంది. ఆ మచ్చ జీవితాంతం పోదు. రెండు మూడు వారాలు ఉదయపు ఎండ మాత్రం చూపించి, మధ్యాహ్నం పలుచని పాత చీర కప్పి మెల్లగా అలవాటు చేయాలి. మిద్దె మీద పెట్టేవారు కుండీని సిమెంటు నేల మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. వేసవిలో ఆ నేల వేడికి వేళ్ళు ఉడికిపోతాయి.

ఇక అసలు సంగతి నీళ్ళు. అడగందే అమ్మైనా పెట్టదని మనకు సామెత. ఈ మొక్క దగ్గర ఆ సామెతను అక్షరాలా పాటించాలి. అడిగేదాకా నీళ్ళు పోయకూడదు. అది అడిగినట్లు ఎలా తెలుస్తుంది? ఒక పొడుగాటి వెదురు పుల్లను కుండీ అంచున అడుగుదాకా గుచ్చి, కాసేపు ఉంచి తీయండి. పుల్లకు తడిమట్టి అంటుకుంటే ఇంకా అడగలేదన్నమాట. పొడిగా వస్తే రెండు రోజులు ఆగి పోయండి. పోసినప్పుడు మాత్రం పిసినారితనం కూడదు. అడుగు చిల్లు లోంచి కారేదాకా నిండా పోయాలి. కింద పళ్ళెం ఉంటే అందులో నిలిచిన నీరు పారబోయాలి. రోజూ గరిటెడు పోయడంకంటే పది రోజులకొకసారి నిండుగా పోయడం వెయ్యి రెట్లు మేలు.

కాలాన్ని బట్టి ఒక లెక్క చెబుతాను. అది ఆనవాలుకే గాని శాసనం కాదు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వారం పది రోజులకొకసారి. వానాకాలంలో మట్టి ఎండినదాన్ని బట్టి రెండు మూడు వారాలకొకసారి. నవంబరు నుంచి జనవరి దాకా నెలకొకసారి, అదీ కొంచెమే. వేసవిలో సాయంకాలం పోయండి. చలికాలంలో ఉదయం పోయండి. నడినెత్తిన ఉన్ని లాంటి నూగులో నీళ్ళు నిలవనీయకండి.

మన రాయలసీమలో వాన తక్కువ కాబట్టి ఇది సుళువుగా పెరుగుతుంది. కోస్తాలో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడివారు ఇసుక పాలు ఇంకొంత పెంచి, జూలై నుంచి డిసెంబరులో తుపానులు ముగిసేదాకా కుండీలను చూరు కిందికి జరపాలి. గాలి మాత్రం ఆడుతూ ఉండాలి. మూడు రోజుల ముసురు ఏడాది పెంపకాన్ని తినేస్తుంది. మన వైపు ఇంకొక చిక్కు ఉన్నది, బోరు నీరు. ఆ నీటిలో సున్నం, లవణాలు ఎక్కువైతే కుండీ అంచులకు తెల్లగా పేరుకుంటుంది. వీలున్నప్పుడు చూరు కింద పట్టిన వాన నీరు నిలవ చేసుకొని పోస్తే మొక్క తేరుకుంటుంది.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోండి. గట్లు ముడుచుకొని మొక్క చిక్కినట్లు కనబడితే వెంటనే చెంబు అందుకోకండి, ముందు పుల్ల గుచ్చండి. మట్టి ఎండి ఉండి మొక్క ముడుచుకుంటే అది దాహం. నిండా నీరు పోస్తే రెండు మూడు రోజుల్లో మళ్ళీ నిండుకుంటుంది. మట్టి తడిగా ఉండి మొక్క ముడుచుకుంటే అది వేరుకుళ్ళు. వేళ్ళు పోయినందువల్ల పక్కనే నీరున్నా తాగలేకపోతున్నది. అప్పుడు నీళ్ళు పోస్తే మనమే చంపినట్లు. మా అవ్వ విషయంలో జరిగింది ఇదే. వాడిపోతున్నదని ఇంకో చెంబు పోసింది.

మొదట్లో గోధుమరంగు కనబడగానే భయపడనక్కరలేదు. ముదురు మొక్కకు మొదలు దగ్గర బెరడు కట్టడం సహజం. వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ముసలితనం. మెత్తగా ఉండి తడి ఊరుతూ వాసన వస్తే కుళ్ళు. కుళ్ళు మొదట్లోనే పసిగడితే మొక్కను పీకి, శుభ్రమైన కత్తితో కుళ్ళిన భాగం కోసివేయాలి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిటుతో తుడవాలి. మచ్చలేని కండ కనిపించేదాకా కోసి, గాయానికి గంధకం పొడి అద్ది, నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టి, పొడి ఇసుక మీద కూర్చోబెట్టాలి. బతకవచ్చు, బతకకపోవచ్చు. ప్రయత్నం చేయడం మన వంతు.

పురుగుల్లో ముఖ్యమైనది పిండినల్లి. గట్ల మధ్య, ముళ్ళ మొదళ్ళలో దూది పింజల్లా కనబడుతుంది. పుల్లకు దూది చుట్టి స్పిరిటులో ముంచి ఒక్కొక్కదాన్నే తుడిచివేయండి. ఈ పని సాయంకాలం నీడలో చేయాలి. వారానికొకసారి చొప్పున మూడు నాలుగు వారాలు చేస్తే గుడ్లలోంచి వచ్చినవి కూడా పోతాయి. పిండినల్లి వేళ్ళకు కూడా పడుతుంది. కారణం తెలియకుండా ఎదుగుదల ఆగితే కుండీ మార్చి వేళ్ళు చూడండి. ఎండాకాలంలో ఎర్రనల్లి పడితే పచ్చదనం పోయి తుప్పు పట్టినట్లవుతుంది. దానికి సబ్బు నీళ్ళ పిచికారీ తొలి మందు.

ఎరువు కొంచెమే. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరులోగా రెండు మూడుసార్లు, లీటరు నీటికి ఒక గ్రాము 19:19:19 కరిగించి, ముందే తడిసిన మట్టికి పోయండి. యూరియా జోలికి పోవద్దు. త్వరగా లావెక్కిన కండ మెత్తగా ఉండి సులభంగా కుళ్ళుతుంది.

రెండు మూడేళ్ళకొకసారి, చలి తగ్గిన తరువాత కుండీ మార్చండి. మట్టి బాగా ఎండి ఉన్నప్పుడే మార్చాలి. మొక్కకు గోనెపట్టా నాలుగు మడతలు చుట్టి, తోలు చేతితొడుగులు వేసుకొని పట్టుకోండి. ఎండిన వేళ్ళు కత్తిరించి, కొత్త మట్టిలో ముందున్నంత లోతులోనే పెట్టాలి. వారం దాకా నీళ్ళు పోయకూడదు. తెగిన వేళ్ళ గాయాలు మానడానికి ఆ వ్యవధి కావాలి. ముల్లు గుచ్చుకుంటే పట్టకారుతో తీసి సబ్బుతో కడగండి. లోతుగా దిగితే అశ్రద్ధ చేయకుండా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అడగండి. ముళ్ళ మొక్క ఇంటి ముందు ఉండరాదని పెద్దలు అంటారు. పసిపిల్లలు పారాడే చోట ముల్లు ఉండకూడదన్న మాట వరకు అది పాటించి తీరవలసినదే. పిల్లలకూ దూడలకూ అందని ఎత్తులో పెట్టండి.

కొనేటప్పుడు కూడా కళ్ళు తెరుచుకొని కొనండి. చిన్న జెముడు మొక్కల నెత్తిన రంగురంగుల ఎండుపూలు జిగురుతో అతికించి అమ్మడం ఉన్నది. పీపా జెముడు జానెడున్నర అడ్డం పెరిగేదాకా, అంటే సుమారు ఇరవై ఏళ్ళ దాకా పూయదు. పూసినప్పుడు పసుపుపచ్చని చిన్న పూలు నడినెత్తిన వలయంగా వస్తాయి. కాబట్టి గుప్పెడంత మొక్కకు ఎర్రపువ్వు ఉంటే అది అతికించినదని తెలుసుకోండి.

కొందరు సోదరులు ఒక అనుమానం అడిగారు. నాగజెముడులాగా ఇది కూడా పొలాల మీద పడి పాడు చేయదా అని. మంచి ప్రశ్న. పూర్వం నాగజెముడు మన దక్షిణాదిలో వేల ఎకరాలు ఆక్రమించింది. 1926లో సింహళం నుంచి తెప్పించిన ఒక రకం కోచినీలు పురుగు దాన్ని కొన్నేళ్ళలోనే అదుపులోకి తెచ్చింది. నాగజెముడుకు మట్టలు ఉంటాయి. విరిగి పడిన ప్రతి మట్టా వేరు పట్టి కొత్త మొక్క అవుతుంది. పీపా జెముడుకు మట్టలు లేవు, సాధారణంగా పిలకలు కూడా రావు. విత్తనంతోనే వృద్ధి. కాబట్టి ఆ భయం అక్కరలేదు.

విత్తనం నుంచి పెంచాలనే ఓపికగలవారు వేడినీళ్ళతో తడిపి చల్లార్చిన సన్న ఇసుక మట్టి మీద గింజలు చల్లి, పైన మట్టి కప్పకుండా, గాజు పలక మూసి నీడపట్టున ఉంచాలి. ఒకటి నుంచి మూడు వారాల్లో ఆవగింజంత పచ్చని బుడిపెలు వస్తాయి. ఈ పసితనంలో మాత్రం తేమ ఆరిపోకూడదు. ఏడాదికి అది గోళీకాయంత అయితే గొప్ప. అందుచేత దీనితో త్వరగా డబ్బు వస్తుందని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. కడియం వైపు నర్సరీలవారికి తరాల అనుభవం ఉన్నది, వారితో పోటీకి దిగేముందు పదిసార్లు ఆలోచించండి. ఈ జాతి మొక్కలన్నీ ఒకచోట చూడదలచినవారు హర్యానాలోని పంచకులలో 1987లో నెలకొల్పిన జాతీయ జెముడు మొక్కల తోట చూడవచ్చు.

ఇంకొక్క మాట. మన కుండీల్లో లక్షలుగా పెరుగుతున్న ఈ మొక్క పుట్టింట్లో మాత్రం తరిగిపోతున్నది. 1990 దశకంలో ఇదాల్గోలో సిమపాన్ ఆనకట్ట కట్టినప్పుడు అది పెరిగే లోయ భాగాలు నీట మునిగాయి. దొంగతనంగా తవ్వుకుపోయినవి వేరు. ఈనాడు అది అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో ఉన్నది. జెముడు కుటుంబపు మొక్కల అంతర్జాతీయ వ్యాపారం మీద ఒప్పందపు అదుపు కూడా ఉన్నది. మనం కొనే మొక్క నర్సరీలో గింజ నుంచి పెంచినదై ఉండాలి. విదేశం నుంచి తెప్పిస్తామంటే కాగితాలు అడగండి.

అవ్వ సంగతి మధ్యలో వదిలాను. ఆమె కొడుకు ఫోను చేసినప్పుడు నేనే మాట్లాడి, తప్పు నాదని చెప్పాను. నిమ్మకాయంత మొక్క ఒకటి తెచ్చి అవ్వకు ఇచ్చాను. నాలుగేళ్ళయింది. ఇప్పుడది చిన్న కొబ్బరికాయంత ఉన్నది. పుల్ల కూడా మానేసింది అవ్వ. రెండు గోనెగుడ్డలతో కుండీ ఎత్తి బరువు చూసి చెబుతుంది. పోయిన నెల వెళ్ళినప్పుడు పక్కింటి కోడలు నీళ్ళు పోయబోతుంటే, "ఉండుమే, అది ఇంకా అడగలేదు" అని ఆపింది. ఆమె కొడుకు ఈ సంక్రాంతికి వస్తున్నాడట.

కాబట్టి సోదరులారా, సోదరీమణులారా, మూడు సంగతులు గుర్తుంచుకోండి. మట్టి గుల్లగా ఉండాలి. ఎండ మెల్లగా అలవాటు చేయాలి. మట్టి పూర్తిగా ఎండిన తరువాతనే నీళ్ళు పోయాలి. తెలియని సంగతి ఏదైనా మమ్మల్ని అడగండి. మాకూ తెలియకపోతే తెలియదని చెప్పి, తెలుసుకొని వచ్చి చెబుతాము.